మీ ఊరి ప్రాథమిక పాఠశాల చరిత్ర తవ్వాలంటే

నేను దివిసీమలో పంతులుగా చేసి రిటైరయ్యాను. "మాస్టారూ, మా బడికి వందేళ్ళ పండగ చేద్దామనుకుంటున్నాం" అని కుర్రాళ్ళు వస్తుంటారు. వందేళ్ళని ఎలా తెలిసిందంటే గోడమీది రాయి చూపిస్తారు. ఆ రాయి చెప్పేది ఆ గది సంగతి. బడి అంతకు ముందే ఏ పాకలోనో, రామాలయం అరుగుమీదో మొదలై ఉండొచ్చు. అందుకే బడికో కాగితం, భవనానికో కాగితం విడిగా పెట్టుకోండి.

బడికైతే ముందు అడ్మిషన్ రిజిస్టరు. హెడ్మాస్టరు గారిని అడిగి అక్కడే కూర్చుని చూడండి, ఇంటికి పట్టుకెళ్ళొద్దు. పాత పుస్తకం ఒకటో నంబరుతో మొదలైందా? లేకపోతే దానికి ముందు ఇంకోటి ఉందన్నమాట. పుట్టినతేదీలు పట్టించుకోకండి. మా తరంలో సగంమంది జూలై 1నే పుట్టాం, మా పంతుళ్ళ చలవ! చేరిన తేదీ మాత్రం నమ్మొచ్చు.

మావైపు చిక్కేమిటంటే, 1977 నవంబరు 19 ఉప్పెనలో ఎన్నో కాగితాలు కొట్టుకుపోయాయి. అలాంటప్పుడు ఉప్పెన తాకని ఊళ్ళో హైస్కూలుంటే అక్కడికి వెళ్ళండి. ఆరో తరగతిలో చేరినవాడు అంతకుముందు ఎక్కడ చదివాడో వాళ్ళ రిజిస్టర్లో రాస్తారు. మీ బడి పేరు మొదటిసారి ఎప్పుడు కనబడిందో పట్టుకోండి. ఇళ్ళల్లో ట్రంకు పెట్టెల్లోని రికార్డు షీట్లూ (బడి వదిలేటప్పుడు ఇచ్చే కాగితాలు) పనికొస్తాయి.

తేదీ చెరిగిపోయిన కాగితం దొరికితే ముద్ర చూడండి. జిల్లా బోర్డు ముద్ర ఉంటే 1959కి ముందుది, పంచాయతీ సమితి ముద్రయితే ఆ తర్వాతిది, మండల పరిషత్తుదైతే 1980ల నడుమ మండలాలు వచ్చాక వేసింది. నోటిమాటను మాత్రం లెక్కలోకి తీసుకోకండి, సమితులు పోయాక కూడా మా ఊళ్ళో అది "బోర్డు స్కూలే".

ఇక భవనం. పెంకుటి కప్పు ఉంటే ఒక పెంకు తిరగేయండి. బాసెల్ మిషన్ (పెంకుల ఫ్యాక్టరీ నడిపిన క్రైస్తవ మిషనరీ సంస్థ) పేరు, 1865 అని కనబడితే ఎగిరి గంతేయకండి. అది మంగుళూరులో ఆ ఫ్యాక్టరీ పెట్టిన ఏడాది. ఆ పెంకులు తర్వాత ఎన్నో ఏళ్ళపాటు అమ్ముడుపోయాయి. రెండు గదులు, ముందు వరండా ఉన్న స్లాబు బిల్డింగయితే ప్రాథమిక బడులకు గదులూ సామానూ ఇవ్వడానికి 1987లో కేంద్రం మొదలెట్టిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు కాలానిదేమో ఆరా తీయండి. నాడు-నేడు పథకంలో బడులకు వేసిన రంగుల కింద పాత అక్షరాలు పోయుంటే, అంతకుముందు తీసిన గ్రూపు ఫోటోల్లో వెతకండి. స్థలం ఎవరైనా ఇచ్చారంటే దానపత్రం నకలు రిజిస్ట్రారు ఆఫీసులో దొరకొచ్చు.

పెద్దవాళ్ళను "ఏ సంవత్సరం?" అని అడిగితే తడబడతారు. "మామ్మా, ఈ గది ఉప్పెనకు ముందుదా, తర్వాతదా? అప్పుడు మీకు పాఠం చెప్పిన పంతులెవరు?" అనండి. ఆ పంతులు పేరు పట్టుకుని మళ్ళీ రిజిస్టరు దగ్గరికి వెళ్ళండి, సంతకం పక్కన తేదీ ఉంటుంది.