కారు అద్దాలపై వదలని నీటి మరకలు: లక్షణం, కారణం, పరిష్కారం

విశాఖపట్నంలో కారు అద్దాలపై పడే తెల్లని మచ్చలన్నీ ఒకటి కావు. సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు, బోరు నీటిలోని సున్నం, సెల్లారు స్లాబు నుంచి కారిన సిమెంటు నీరు ఆరిన తరువాత చూపుకు దాదాపు ఒకేలా ఉంటాయి. అయితే మొదటిది మంచినీటితో పోతుంది, రెండవదానికి పులుపు తగలాలి, మూడవది ఆలస్యం చేస్తే అద్దాన్నే తినేస్తుంది. ఏ మరకో తేల్చుకోకుండా గిన్నెలు తోమే పీచుతో రుద్దితే మరక పోకపోగా గీతలు మిగులుతాయి.

ముందుగా చేయవలసిన పరీక్ష

కారును నీడలో నిలిపి, అద్దం చేతికి చల్లగా తగిలే వరకు ఆగి, ధారాళంగా నీళ్లు పోసి ఇసుకను, దుమ్మును పూర్తిగా కడిగేయాలి. ఆ తరువాత మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, ఆరాక మిగిలిన మచ్చపై గోటిని మెల్లగా అడ్డంగా లాగి చూడాలి. గరుకుగా తగిలితే అద్దంపైన ఏదో పేరుకొని ఉందని అర్థం. ఇప్పుడు ఆ మచ్చపై ఒక్క బొట్టు వెనిగర్ వేసి దగ్గరగా గమనిస్తే, మందంగా పేరుకున్న సున్నమైతే బొట్టు అడుగున సన్నని బుడగలు లేచి, తెల్లని అంచు క్రమంగా కరగడం కనిపిస్తుంది. పొర పలుచగా ఉంటే బుడగలు కంటికి ఆనకపోవచ్చు కనుక, రెండు నిమిషాలు ఆగి తుడిచి, ఆ చోటు పక్కచోటుకన్నా తేటపడిందో లేదో చూడాలి. గోటికి నున్నగానే తగులుతూ, తడిగా ఉన్నప్పుడు మాయమై ఆరగానే మళ్లీ కనిపించే మచ్చను మాత్రం వెనిగర్ కూడా మార్చలేకపోతే, అది అద్దంలోకి దిగిందనే అనుకోవాలి.

లక్షణం: తెల్లవారేసరికి అద్దమంతా తేమగా, మసకగా ఉంటుంది

బీచ్ రోడ్డు, సాగర్ నగర్, రుషికొండ వైపు ఆరుబయట నిలిపే కార్లకు ఇది దాదాపు రోజూ ఉండే సమస్యే. కెరటాల తుంపర నుంచి గాలిలో కలిసిన ఉప్పు అద్దంపై చేరి, రాత్రి తేమను పీల్చుకొని మసక పొరగా నిలుస్తుంది. ఇది నీటిలో సులభంగా కరుగుతుంది కాబట్టి మందులేవీ అక్కరలేదు, మంచినీళ్లు పోసి కడిగితే చాలు. పొడి గుడ్డతో తుడవడం మాత్రం తప్పు, ఎందుకంటే ఉప్పుతో పాటు చేరిన ఇసుక రేణువులు గాజును గీస్తాయి.

లక్షణం: కారు కడిగిన తరువాతే గుండ్రని తెల్లని వలయాలు పడతాయి

ఎక్కువ ఇళ్లలో అసలు సమస్య ఇదే. బోరు నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీటి చుక్క ఆవిరైనప్పుడు గాజుపై మిగిలిపోతాయి. చుక్క అంచుల వద్ద ముందుగా ఆరుతుంది కనుక లవణాలు అక్కడికే చేరి, మచ్చ వలయంలా కనిపిస్తుంది. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నీటి కాఠిన్యం, అంటే ఈ లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతి ఉంది. అంటే తాగడానికి పనికొచ్చే నీరు కూడా అద్దంపై ఆరితే మరక వేయగలదు. మేఘాద్రిగెడ్డ, రైవాడ వంటి జలాశయాల నుంచి వచ్చే కుళాయి నీరు సాధారణంగా బోరు నీటికన్నా మెత్తగా (లవణాలు తక్కువగా) ఉంటుంది.

ఇక్కడ ఒక విషయం ప్రత్యేకంగా చెప్పాలి. నీటిని వృథా చేయకూడదనే మంచి ఉద్దేశంతో చాలామంది ఆర్వో యంత్రం బయటికి వదిలే నీటిని బకెట్లలో పట్టి, దానితోనే కారు కడుగుతున్నారు. ఆ యంత్రం తాగునీటిలోంచి తీసేసిన లవణాలన్నీ ఆ బకెట్‌లోకే చేరతాయి కనుక, అసలు బోరు నీటికన్నా అది ఎక్కువ మరకలు వేస్తుంది. ఆ నీటిని నేల కడగడానికి వాడుకోవచ్చు గాని, కారుకు వాడకపోవడమే మేలు.

మరకలు తీయడానికి వెనిగర్‌ను సమానమైన నీటితో కలిపి వాడవచ్చు, లేదా కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పును (సిట్రిక్ ఆసిడ్) ఒక చెంచా తీసుకొని ఒక గ్లాసు శుద్ధి చేసిన నీటిలో కరిగించవచ్చు. ఈ ద్రావణాన్ని నేరుగా చల్లితే కారి రంగుపైకి, లోహపు పట్టీలపైకి పోతుంది కనుక, పలుచని గుడ్డను అందులో తడిపి అద్దానికి బయటివైపు అంటించి, ఐదు నిమిషాలు ఉంచడం నాకు నచ్చిన పద్ధతి. ఈలోగా గుడ్డ ఆరకూడదు. నిమ్మ ఉప్పు సున్నంతో కలిసి ఏర్పరిచే పదార్థం నీటిలో అంత తేలికగా కరగదు కాబట్టి, ఆరనిస్తే కొత్త తెల్లపొర పడుతుంది. తరువాత అదే గుడ్డతో మెల్లగా రుద్ది, పుష్కలంగా నీళ్లు పోసి, వెంటనే పొడి మైక్రోఫైబర్‌తో తుడవాలి. పాత మరక ఒకసారికి పోకపోతే బలం పెంచకుండా ఇదే పనిని మళ్లీ చేయాలి. వెనిగర్‌లో వంటసోడా కలిపితే బాగా నురుగు వస్తుంది గాని, రెండూ ఒకదానినొకటి విరిచేసుకొని సున్నాన్ని కరిగించే శక్తి తగ్గిపోతుంది.

బాత్రూము కడిగే ఆసిడ్‌ను ఎంతమాత్రం వాడవద్దు. అది సున్నాన్ని క్షణాల్లో కరిగించే మాట నిజమే అయినా, అల్యూమినియం, క్రోమ్ పట్టీలను పాడుచేస్తుంది, దాని పొగ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. బ్లీచింగ్ పౌడరుతో కలిస్తే విషవాయువు పుడుతుంది. అద్దం లోపలివైపు ఫిల్ము ఉన్నా, వెనుక అద్దంపై వేడి తీగలు ఉన్నా, అక్కడ పులుపు ద్రావణాన్ని వాడకుండా తడి గుడ్డతో మాత్రమే తుడవాలి.

మరకలు మళ్లీ పడకుండా ఉండాలంటే ఎండ ఎక్కకముందే కడిగి, ఒక్కో అద్దాన్ని కడిగిన వెంటనే తుడిచేయాలి. నీటిని తనంతట ఆరనివ్వకపోతే బోరు నీరు కూడా పెద్దగా ఇబ్బంది పెట్టదు.

లక్షణం: ఒకే చోట చారలుగా, గట్టి పెచ్చులా తెల్లగా పేరుకుంది

కారు సెల్లారులో నిలుపుతున్నట్లయితే ముందుగా పైకి చూడాలి. స్లాబులోని పగుళ్ల గుండా దిగే నీరు సిమెంటులోని సున్నాన్ని కరిగించుకొని వస్తుంది, దానికి క్షారగుణం చాలా ఎక్కువ. క్షారం గాజును, కారు రంగును కూడా దెబ్బతీస్తుంది కనుక, ఇది కనిపించిన రోజే పైన చెప్పిన పులుపు పద్ధతితో తీయాలి. లీకు ఆగే వరకు కారును మరో చోట నిలపాలి. కవరు కప్పడం దీనికి పరిష్కారం కాదు, తడిసిన గుడ్డ ఆ నీటిని అద్దానికే అంటిపెట్టి ఉంచుతుంది.

లక్షణం: గోధుమ లేదా తుప్పు రంగు చుక్కలు గరుకుగా తగులుతాయి

పోర్టు పరిసరాల్లోను, గాజువాక వైపు నిలిపే కార్లపై ఇనుప రేణువులు పడి తుప్పు పట్టడం ఇందుకు కారణం కావచ్చు. కారు సామాను దుకాణాల్లో దొరికే క్లే బార్‌ను (మరకలను అంటించుకొని లాగే మెత్తని మట్టిముద్ద లాంటిది), షాంపూ నీటితో తడిపిన అద్దంపై తేలికగా జరిపితే ఇవి ఊడివస్తాయి.

లక్షణం: అద్దం నున్నగా ఉన్నా మచ్చ పోవడం లేదు

ఇక్కడ గాజు ఉపరితలమే దెబ్బతిన్నది కాబట్టి కరిగించడానికి ఏమీ లేదు, అరగదీయాలి. గాజును మెరుగుపెట్టే సీరియం ఆక్సైడ్ పొడిని నీటితో ముద్దగా కలిపి, ఫెల్ట్ ప్యాడ్‌తో (ఒత్తిన ఉన్ని దిండు) అద్దం వేడెక్కకుండా తడుపుతూ పాలిష్ చేస్తే తేలికపాటి మచ్చలు పోతాయి. పక్క అద్దాలపై దీన్ని ఓపికగా చేసుకోవచ్చు. ముందు అద్దంపై మాత్రం, ముఖ్యంగా డ్రైవరు చూపు పడే భాగంలో, సొంతంగా ప్రయత్నించవద్దని నా గట్టి సలహా, ఎందుకంటే ఒకే చోట ఎక్కువగా అరిగితే దృశ్యం వంకరగా కనిపిస్తుంది, అతిగా వేడెక్కితే పొరల గాజుతో చేసిన ఆ అద్దం పగలవచ్చు. రాత్రివేళ ఎదుటి వాహనాల వెలుగు ఆ మచ్చలపై చెదిరి దారి కనిపించనంతగా ఉంటే, ఆ అద్దాన్ని మార్చించుకోవడమే సరైన మార్గం.

ముందు అద్దంపై వైపరు తిరిగే మేర మాత్రమే విల్లులాంటి చార మిగులుతుంటే, అది నీటి మరక కాదు. వైపరు రబ్బరును పైకెత్తి తడి గుడ్డతో తుడిచి, గట్టిపడి ఉంటే మార్చాలి.