జర్మన్ పూర్వీకుడి బాప్తిస్మ నమోదుకు దరఖాస్తు: ఊరి పేరు తేలేవరకు డబ్బు కట్టకండి

మా మేనకోడలి అత్తవారిది పెన్సిల్వేనియా. ఆ ఇంటి మూలపురుషుడు 1740ల్లో జర్మనీ నుంచి ఓడలో వచ్చాడని తరతరాలుగా చెప్పుకుంటారు. అతని బాప్తిస్మ నమోదు తెప్పిస్తామని ఒక సంస్థ డబ్బు తీసుకుని, చివరికి ఇంటిపేరు కింద సింహం బొమ్మ ఉన్న వంశచిహ్నం (కోట్ ఆఫ్ ఆర్మ్స్) పంపింది. వంశచిహ్నం ఒక వ్యక్తికో ఒక కుటుంబానికో దక్కేదే తప్ప, ఆ ఇంటిపేరున్న వారందరికీ చెందేది కాదు. దాన్ని గోడకు తగిలించుకున్న పెద్దావిడ నిజం తెలిశాక తీసేశారు. ఆ రోజు ఆమె ముఖం చూసి ఇది రాస్తున్నాను.

ముందుగా, ఎక్కడ అడగకూడదో తెలుసుకోండి. అమెరికా జాతీయ ఆర్కైవ్స్‌లో ఓడ ప్రయాణికుల జాబితాలు 1820 నుంచే మొదలవుతాయి. జర్మనీ ప్రభుత్వ జనన మరణ నమోదు కార్యాలయానికి రాసినా ఫలితం ఉండదు. దేశమంతటా ఆ నమోదు మొదలైంది 1876లో. ఫ్రెంచి పాలనలోకి వెళ్లిన రైన్ నది పడమటి ఒడ్డున మాత్రం 1798 నుంచి ఉంది. అంతకు ముందరి పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు చర్చి రిజిస్టర్లలోనే దొరుకుతాయి. జర్మనీ నైరుతిన ఉన్న నేటి పాలటినేట్ ప్రాంతపు ప్రొటెస్టెంట్ ఊళ్లకు ష్పైయర్‌లోని కేంద్ర చర్చి ఆర్కైవ్స్‌కు రాయాలి. హైడెల్బర్గ్ వైపు ఊళ్లకైతే కార్ల్స్‌రూహెలోని చర్చి ఆర్కైవ్స్‌కు రాయాలి. కేథలిక్ కుటుంబమైతే ఆ ప్రాంతపు డయోసిస్ (బిషప్ పరిధి) ఆర్కైవ్స్‌ను అడగాలి.

ఉత్తరం రాయడం కష్టం కాదు. అందులో ఊరి పేరు రాయవలసిన చోటే అందరూ ఆగిపోతారు. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ‘పాలటిన్’ (పాలటినేట్ వాడు) అనే చెబుతాయి. ఆ మాటను నమ్మి పాలటినేట్‌కు రాయకండి. ఆనాటి ఇంగ్లీషు గుమాస్తాలు వుర్టెంబర్గ్ వారినీ, అల్సాస్ వారినీ, చివరికి స్విస్ వారినీ కూడా పాలటిన్లు అనే రాసేవారు. చర్చి రిజిస్టర్లు ఊరివారీగా, క్రైస్తవ శాఖవారీగా ఉంటాయి. దేశం మొత్తానికి కలిపి ఒక పేర్ల పట్టిక లేదు. ఊరు చెప్పకుండా ‘జర్మనీ అంతా వెతికిపెడతాం’ అనే మధ్యవర్తి దగ్గర ఆ పని చేసే మార్గమేదీ లేదు.

ఊరు తేలాలంటే ముందు అసలు పేరు తేలాలి. 1727 నుంచి ఫిలడెల్ఫియాలో దిగిన విదేశీ మగవారిలో పదహారేళ్లు దాటినవారు బ్రిటన్ రాజుకు విధేయులమని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. కొన్ని ఓడలకు కెప్టెన్ ఇచ్చిన జాబితా కూడా మిగిలింది. పెన్సిల్వేనియా జర్మన్ సంఘం 1934లో ఈ పట్టికలను ‘పెన్సిల్వేనియా జర్మన్ పయనీర్స్’ పేరుతో మూడు సంపుటాలుగా అచ్చువేసింది. వీటిలో రెండో సంపుటం చూడకుండా దరఖాస్తు పంపకండి. అసలు సంతకాల ప్రతిరూపాలు ఉన్నది అందులోనే.

ఆ పేజీలను నిదానంగా చూడండి. ఒక వరుసలో ‘హాన్స్’కూ ‘మిల్లర్’కూ నడుమ ఇంటూ గుర్తు కనిపిస్తుంది. అంటే అతనికి రాయడం రాదు. ఆ పేరు ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినిపించినట్టు రాసింది. అతను ముల్లర్ కావచ్చు, మొల్లర్ కావచ్చు. దరఖాస్తులో రెండూ ఇవ్వాలి. గుర్తు లేకుండా పాత జర్మన్ చేతిరాతలో సంతకం ఉంటే అది అతని సొంత రాతే. ఆ రాతలో ‘ఇ’ (e) అక్షరం ‘ఎన్’ (n)లా కనబడుతుంది, ‘యు’ (u) మీద చిన్న వంపు గీత ఉంటుంది. అది తెలియక తప్పు చదివి, లేని ఇంటిపేరు కోసం ఏళ్ల తరబడి వెతికినవారు ఉన్నారు. మీ తాతల వీలునామాలో సంతకం ఉంటే పక్కన పెట్టి పోల్చండి. జిమర్మన్ (వడ్రంగి) అనే జర్మన్ ఇంటిపేరు ఇంగ్లీషులో కార్పెంటర్‌గా మారిన ఇళ్లలో మనిషిని పట్టించేది ఆ చేతిరాతే.

తరువాత ఆ ఓడలో ముందూ వెనకా సంతకం పెట్టినవారిని చూడండి. ఒకే ఊరివాళ్లు చాలాసార్లు కలిసే బయలుదేరారు. వాళ్లే పెన్సిల్వేనియాలో ఒకరి బిడ్డల బాప్తిస్మానికి మరొకరు సాక్షులుగా నిలబడ్డారు. వారిలో ఒకరి ఊరు దొరికితే మీ వారి ఊరికి దారి దొరికినట్టే. పెన్సిల్వేనియా లూథరన్, మొరేవియన్ చర్చిల సమాధి నమోదుల్లో పుట్టిన ఊరు రాసిన సందర్భాలు చాలా ఉన్నాయి. 1742లో వచ్చిన మ్యూలెన్‌బర్గ్ పాదిరి ఈ లూథరన్ సంఘాలను కూడగట్టి, 1748లో ‘పెన్సిల్వేనియా మినిస్టీరియం’ అనే పాదిరుల సభ ఏర్పాటు చేశారు. 1842లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్‌ను పంపింది ఆ మినిస్టీరియమే. కాబట్టి బాప్తిస్మ రిజిస్టరులో సాక్షుల పేర్లు ఎంత విలువైనవో మన గుంటూరు లూథరన్ కుటుంబాలకు నేను చెప్పనక్కరలేదు.

ఊరు దొరికాక ఉత్తరంలో ఇవి రాయండి: ఊరు, దగ్గరి పట్టణం, చర్చి శాఖ, పేరు ఎన్ని విధాలుగా కనిపిస్తే అన్నీ, ఐదేళ్లు అటూ ఇటూగా సంవత్సరం. లూథరన్, రిఫార్మ్డ్ (మరో ప్రొటెస్టెంట్ శాఖ) రిజిస్టర్లు ఒకే ఊళ్లో వేరువేరుగా ఉంటాయి. మెన్నోనైట్లు అనే శాఖవారు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు గనుక ఆ నమోదు ఉండదు. ‘యోహాన్ గేయోర్గ్’ అని బాప్తిస్మం పొందిన వ్యక్తి జీవితమంతా గేయోర్గ్‌గానే పిలిపించుకుంటాడు. అన్నదమ్ములందరి పేర్లకూ ముందు యోహాన్ ఉన్నా కంగారుపడకండి. తేదీలోనూ జాగ్రత్త అవసరం. 1752 వరకు బ్రిటిష్ వలసల్లో పాత క్యాలెండరే నడిచింది, కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. అమెరికా కాగితంలో 1738 ఫిబ్రవరి అని ఉంటే జర్మనీ లెక్కలో అది 1739, రోజుల్లో పదకొండు తేడా.

ఒక ఉత్తరంలో ఒక నమోదే అడగండి. వెతకడానికి ఎంత తీసుకుంటారో ముందే చెప్పమని రాయండి. నమోదు దొరకకపోయినా వెతికిన సమయానికి రుసుము పడవచ్చు. చాలా ప్రొటెస్టెంట్ రిజిస్టర్లు ఆర్కియోన్ అనే పోర్టల్‌లో రుసుముతో, కేథలిక్ రిజిస్టర్లలో కొన్ని మాట్రికులాలో ఉచితంగా చూడవచ్చు. ఈ కాగితంతో జర్మన్ పాస్‌పోర్టు ఇప్పిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. 1700ల్లో వలస వచ్చిన పూర్వీకుడి ద్వారా పౌరసత్వం రాదు.

‘నమోదు లేదు’ అని జవాబు వస్తే మీ పూర్వీకుడి కథ అబద్ధమని అర్థం కాదు. 1688లో మొదలైన యుద్ధంలో పాలటినేట్ ఊళ్లెన్నో తగలబడి, అక్కడి రిజిస్టర్లూ పోయాయి. అతని పెళ్లి నమోదుకో, తమ్ముడి బాప్తిస్మానికో మళ్లీ రాయండి. పక్క ఊరి చర్చిలో కూడా వెతకమని అడగండి.