ట్రెజరీ బిల్లు రాబడిని లెక్కకట్టే పద్ధతి

ట్రెజరీ బిల్లు మీద వడ్డీ పేరుతో ఏమీ చెల్లించరు. ప్రభుత్వం ఏడాదికి మించని గడువుకు అప్పు తీసుకుంటూ, గడువు నాడు తాను ఇవ్వబోయే ముఖ విలువ కంటే తక్కువ ధరకు బిల్లును అమ్ముతుంది. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడాయే కొన్నవారికి మిగిలే రాబడి. వర్తకుల హుండీలను కొంత కోత వేసి ముందుగానే కొనుక్కునే అలవాటు వ్యాపారంలో ఎప్పటినుంచో ఉంది. ఆర్థిక వ్యవహారాల రచయిత వాల్టర్ బాజెట్ సలహా మేరకు బ్రిటన్ ప్రభుత్వం 1877లో అదే పద్ధతిని తన స్వల్పకాలిక అప్పుకు వర్తింపజేసింది. అమెరికాలో 1929లో, భారతదేశంలో 1917లో ఈ బిల్లులు మొదలయ్యాయి. లెక్క సులభమైనదే. అయితే ఒకే బిల్లుకు నాలుగు రకాల శాతాలు చెప్పుకునే వీలుంది, వాటిలో ఏది తమ ముందుందో గమనించకపోవడం వల్లే మదుపరులు పొరబడతారు.

ఒక ఉదాహరణను చివరిదాకా వాడుకుందాం. ముఖ విలువ 100, గడువు 91 రోజులు, కొన్న ధర 98.40. గడువు నాటికి మిగిలేది 1.60. ఈ మొత్తాన్ని మనం నిజంగా పెట్టిన 98.40తో భాగించాలి గాని 100తో కాదు, ఎందుకంటే మన చేతినుంచి వెళ్లింది 98.40 మాత్రమే. అలా భాగిస్తే 1.626 శాతం వస్తుంది. ఇది 91 రోజుల రాబడి. దీన్ని ఏడాదికి మార్చడానికి 365తో గుణించి 91తో భాగిస్తే 6.52 శాతం వస్తుంది. భారతదేశంలోను, బ్రిటన్‌లోను బిల్లు రాబడి అంటే సాధారణంగా ఈ అంకెనే చెబుతారు. ఇదే సూత్రాన్ని వెనక్కి తిప్పితే ధర తెలుస్తుంది: రాబడి రేటును మిగిలిన రోజులతో గుణించి, 365తో భాగించి, దానికి 1 కలిపి, వచ్చిన మొత్తంతో 100ను భాగించాలి. శాతాన్ని దశాంశంగా, అంటే 6.52 శాతాన్ని 0.0652గా, రాసుకున్న తరువాతే ఈ లెక్క మొదలుపెట్టాలి.

అమెరికాలో వేలం ఫలితాలతో పాటు ప్రకటించే డిస్కౌంటు రేటు దీనికి భిన్నమైనది. అక్కడ 1.60ను 98.40తో కాక ముఖ విలువతో భాగిస్తారు, పైగా ఏడాదికి 360 రోజులే అనుకుంటారు. కాలిక్యులేటర్లు లేని రోజుల్లో 360ని ఎక్కువ సంఖ్యలు నిశ్శేషంగా భాగించగలగడం సౌకర్యంగా ఉండేది. ఆ అవసరం తీరిపోయినా ఆచారం మిగిలింది. ఆ లెక్కన మన బిల్లు రేటు 6.33 శాతమే అవుతుంది. డిస్కౌంటు రేటును బ్యాంకు డిపాజిట్ వడ్డీ పక్కన పెట్టి పోల్చేవారు బిల్లును అన్యాయంగా తక్కువ చేసి చూస్తున్నట్టే. ఎక్సెల్‌లో ఉండే టీబిల్‌యీల్డ్ ఫంక్షన్ ఈ రెండింటికీ మధ్యలో నిలుస్తుంది: అది కొన్న ధరతోనే భాగిస్తుంది గాని 360 రోజులనే వాడుతుంది, అందువల్ల 6.43 శాతం చూపుతుంది. 365 రోజుల ఆచారం ఉన్న దేశపు బిల్లుకు ఈ ఫంక్షన్‌ను వాడకుండా, సూత్రాన్ని గడిలో స్వయంగా రాసుకోవడమే మేలని నా అభిప్రాయం.

నాలుగో అంకె చక్రవడ్డీతో కూడినది. గడువు తీరగానే వచ్చిన సొమ్మును అదే రేటుకు మళ్లీ బిల్లుల్లో పెడుతూ పోతే ఏడాదికి ఎంత అవుతుందో ఇది చెబుతుంది. 1.01626ను 365/91 ఘాతానికి హెచ్చించి, అందులోంచి 1 తీసివేస్తే 6.68 శాతం వస్తుంది. వేర్వేరు గడువులున్న బిల్లులను పోల్చేటప్పుడు ఈ అంకె తప్పనిసరి. 364 రోజుల బిల్లు 93.90కి దొరుకుతోందనుకుందాం, దాని బారువడ్డీ రాబడి 6.51 శాతం, చక్రవడ్డీ లెక్కలోనూ దాదాపు అంతే. మొదటి చూపులో 6.52, 6.51 సమానంగా కనిపించినా, చక్రవడ్డీ లెక్కలో 91 రోజుల బిల్లు 6.68 శాతంతో ముందుంటుంది. కాని ఆ ఆధిక్యం మూడు నెలల తరువాత కూడా రేట్లు ఇప్పటిలాగే ఉంటాయన్న ఊహ మీద ఆధారపడినది. రేట్లు తగ్గితే పొడవు గడువు బిల్లు కొన్నవారే గెలుస్తారు, ఎందుకంటే వారి రేటు కొన్న రోజే ఖాయమైపోయింది.

ఖర్చులను చిన్నవని వదిలేయకూడదు. ముఖ విలువ 100కు కేవలం 0.05 కమిషన్ చెల్లించామనుకోండి. అప్పుడు అసలు ఖరీదు 98.45, మిగిలేది 1.55, వార్షిక రాబడి 6.31 శాతానికి పడిపోతుంది. అదే కమిషన్ 364 రోజుల బిల్లు మీద పడితే రాబడి 6.51 నుంచి 6.46కు మాత్రమే తగ్గుతుంది. గడువు ఎంత పొట్టిదైతే అంత తరచుగా కమిషన్ కట్టవలసి వస్తుంది కనుక, మళ్లీ మళ్లీ పొట్టి బిల్లులు కొనేవారు ముందు ఈ లెక్క వేసుకోవాలి.

పన్ను నియమాలు దేశాన్ని బట్టి మారతాయి గాని, లెక్కలో దాన్ని చేర్చే చోటు ఒక్కటే: ఏడాది శాతంలోంచి కాక, చేతికొచ్చే 1.60లోంచి ముందే తీసివేయాలి. పన్ను 30 శాతమైతే మిగిలేది 1.12, చక్రవడ్డీతో ఏడాదికి అది 4.64 శాతం. ద్రవ్యోల్బణం 5 శాతం ఉన్నప్పుడు 1.0464ను 1.05తో భాగిస్తే 0.9966 వస్తుంది, అంటే కొనుగోలు శక్తి ఏడాదికి 0.34 శాతం తరుగుతోందన్నమాట. ట్రెజరీ బిల్లులకు నష్టభయం తక్కువ అంటారు, ఆ మాటకు అసలు తిరిగి వస్తుందని మాత్రమే అర్థం, దాని విలువ చెక్కుచెదరదని కాదు. ముఖ విలువ కంటే ఎక్కువ చెల్లించి కొన్న సందర్భాలూ లేకపోలేదు: 2012లో జర్మనీ ఆరు నెలల బిల్లులను రుణాత్మక రాబడికి, అంటే సున్నా కంటే తక్కువ రేటుకు, అమ్మింది. సూత్రం అక్కడా మారదు, జవాబు ముందు మైనస్ గుర్తు వస్తుంది.

గడువుకు ముందే అమ్మవలసి వస్తే, అమ్మిన ధరను 100 స్థానంలో పెట్టి, మనం ఉంచుకున్న రోజులనే లెక్కలోకి తీసుకోవాలి. 40 రోజుల తరువాత మార్కెట్ రేటు 7.5 శాతానికి పెరిగిందనుకుందాం. మిగిలిన 51 రోజులకు పైన చెప్పిన ధర సూత్రం ప్రకారం బిల్లు 98.96 పలుకుతుంది. మనకు దక్కేది 0.56, ఏడాది లెక్కన అది 5.22 శాతం. రేటు 5.5కు తగ్గి ఉంటే 99.24 వచ్చేది, రాబడి 7.77 శాతం దాకా చేరేది. కొన్న రోజు చూసుకున్న 6.52 గడువు దాకా ఆగినవారికే వర్తిస్తుంది.

ఈ లెక్కలన్నీ గడువు నాడు 100 చేతికి వస్తుందన్న ఒక్క నమ్మకం మీద నిలబడ్డాయి. 1998 ఆగస్టు 17న రష్యా తన స్వల్పకాలిక బిల్లుల చెల్లింపును ఆపివేసింది. అంతకు ముందు నెలల్లోనే వాటి రాబడి 50 శాతం దాటింది. పొరుగు దేశాల బిల్లుల కంటే విపరీతంగా ఎక్కువ శాతం కనిపించినప్పుడు, సూత్రంలోని ఆ 100 వచ్చే అవకాశాన్ని మార్కెట్ అప్పటికే తగ్గించి చూస్తోందని అర్థం చేసుకోవాలి.