పశువులకైనా కుక్కపిల్లకైనా గుర్తుండిపోయే పేరు ఎట్ల పెట్టాలె

దూడ పుట్టంగనే, కుక్కపిల్ల ఇంటికి రాంగనే ఇప్పుడు అందరు చేసే పని ఫోన్‌ల పేర్ల లిస్టు వెతుకుడు. ఆ లిస్టు జర పక్కన పెట్టుండ్రి. అండ్ల దొరికిన పేరు ఊర్ల ఇంకో పది కుక్కలకు ఉంటది, ఎందుకు పెట్టిన్రంటే చెప్పనీకె ఏం ఉండదు. చెప్పుకోనీకె ముచ్చట ఉన్న పేరే నిలబడ్తది, ఆ ముచ్చట దొరకాల్నంటే ముందు నాలుగు రోజులు ఆ జీవాన్ని మంచిగ చూడాలె.

ఫస్టు ఒళ్లు చూడుండ్రి. మన పాలమూరు, నల్లగొండ దిక్కు ముసలోళ్లు పెట్టిన పేర్లన్నీ సగం ఇట్లనే పుట్టినయి. నొసల మీద తెల్ల చుక్క ఉంటే సుక్కి, తెల్ల మచ్చలుంటే బొల్లి, నల్లగుంటే కర్రి, కొమ్ముల్లేకుంటే బోడి. వినడానికి సాదాగ ఉంటయి గని మందల ఉన్న ఇరవై బర్రెలల్ల ఎవరిది ఏదో చిన్నపిల్లగాడు కూడ చెప్తడు, అదీ ఆ పేర్ల పని. అమ్రాబాద్, అచ్చంపేట దిక్కు నల్లమల అంచుల ఉండే ఎడ్ల జాతికైతే పొడ తూర్పు అనే పేరు, ఒంటి మీద ఉన్న పొడల్ని బట్టే వచ్చింది, ఇప్పుడు దేశం లెవెల్‌ల జాతిగ గుర్తింపు కూడ ఉంది. అడవి జంతువులకూ ఇదే పద్ధతి. రాజస్థాన్ రణథంబోర్‌ల మఛ్లీ అని ఒక ఆడపులి ఉండె, హిందీల చేప అన్నట్టు, మొహం మీద చేప లెక్క మచ్చ ఉంటదని ఆ పేరు. 2016ల సచ్చిపోయింది, ఇప్పటికీ పులుల గురించి తెల్సినోళ్లు ఎవర్నడిగినా చెప్తరు.

ఒంటి మీద ఏం గుర్తు లేదనుకో, అప్పుడు గుణం చూడుండ్రి. పాలు పిండేటప్పుడు కాలు లేపేది, తలుపు సప్పుడైతే సాలు దుంకేది, అందర్కంటె ముందు చెర్వుకాడికి ఉరికేది. గుణం మాత్రం వెంటనే తెల్వది, అందుకే తొందరపడొద్దు అంటున్న. పేరు లేకుంట వారం ఉంటే దానికేం కాదు.

మూడోది, ఎప్పుడు పుట్టింది, ఎట్ల వచ్చింది. నాకైతే అన్నింట్ల ఇదే ఇష్టం, ఎందుకంటే ముచ్చట అండ్లనే ఉంటది. దేవరకొండ దిక్కు తండాలల్ల మనుషులకే వారాన్ని బట్టి పేర్లు పెడ్తరు, సోమ్లా, మంగ్లీ, బుధ్యా అని, అదే లెక్కల దూడకు కూడ పెట్టొచ్చు. కురుమూర్తి జాతర కార్తీకంల అయితది, అక్కడ ఎడ్లు కొనుడు అమ్ముడు మస్తు జరుగుతది, ఆ జాతరల కొన్న కోడెకు మూర్తి అని పెడితే ఎన్నేండ్లైనా ఎప్పుడు కొన్నమో మళ్ల అడిగే పనే ఉండదు. చెర్వుగట్టు జాతర రోజు ఈనితే గట్టమ్మ. బోరుల నీళ్లు పడ్డ నాడు పుట్టిన పెయ్యకు గంగ. పేరు పలికితే సాలు ఆ యేడు కాలం ఎట్లుండెనో కూడ యాదికొస్తది.

ఇగ పిలుపు. ఈడ చాన మంది పట్టించుకోరు గని పేరు ఎంత మంచిగున్నా పిలవరాకుంటె దండగ. రెండు అక్షరాలు, ఎక్కువైతే మూడు. ఇంటి ముంగట నిలబడి పొలం దిక్కు గట్టిగ ఒకసారి పిలిచి చూడుండ్రి, చివర్ల ఆ, ఈ లెక్క దీర్ఘం ఉంటే దూరం పోతది. ఎడ్లకైతె ఇంకో లెక్క ఉంది, ఎలపటిది దాపటిది రెండూ కాడి కింద పక్కపక్కనే ఉంటయి, దున్నేటప్పుడు అండ్ల ఒక్కదాన్నే అదిలియ్యాల్సి వస్తది, అందుకని రెండు పేర్లు సప్పుడుల కలవొద్దు. రాముడు, భీముడు అని పెడితే రెండూ "ముడు" మీదనే ఆగుతయి, ఏది ఎవరికో ఎద్దుకు సమజ్ కాదు. రాముడు పక్కన లచ్చన్న మంచిగుంటది.

కుక్కకైతే మీరు రోజు చెప్పే మాటలతోని కలవని పేరు పెట్టాలె. "పో" అని కొట్టి పంపే ఇంట్ల పోతన్న అని పేరు పెడితే పిలిచినప్పుడల్ల అది ఎనకకే పోతది. "వద్దు" అనేది రోజుకు యాభై సార్లు అంటరు, బుద్దు, ముద్దు లాంటియి అందుకే వద్దు. పిల్లులు పేరు పట్టించుకోవు అంటరు గని అది నిజం కాదు, జపాన్ రీసెర్చోళ్లు 2019ల టెస్ట్ చేసి చూస్తే ఇంట్ల పెరిగిన పిల్లులు వేరే మాటల నుంచి తమ పేరును గుర్తుపట్టినయి. కాకపోతే ఇంట్ల అందరూ ఒక్కటే పేరు పిలవాలె, అమ్మ ఒకటి, పిల్లలు ఒకటి, తాత ఇంకోటి అంటే ఏ జీవమైనా ఆగమైతది.

పెట్టొద్దనేటియి కూడ చెప్పాలె. పక్కింటోళ్ల పేరు, సుట్టాల పేరు, ఊర్ల లీడర్ పేరు, ఏ కులానికి తగిలే మాటైనా వద్దే వద్దు, బజార్ల నిలబడి తిట్టుకుంట పిలిచినప్పుడు లొల్లి అయితది, పాపం ఆ జీవానికేం తెల్సు. దేవుని పేరు మొక్కు మేకపోతుకు పెట్టకుండ్రి, కోసే రోజు పిల్లలు ఏడుస్తరు, పెద్దోళ్లకు కూడ మనసు మనసుల ఉండదు. కోతకు పెంచేదానికి అసల్ పేరే పెట్టొద్దని నా మాట.

పేరు పెట్టినంక ముచ్చట రాసి పెట్టుండ్రి, ఇది మాత్రం మర్వకుండ్రి. పేరొక్కటే మిగిలి ముచ్చట పోతే సగం పోయినట్టే. టోక్యోల హచికో అనే కుక్క ఉండె, హచి అంటె జపాన్ భాషల ఎనిమిది, ఉత్త నంబర్ అది. యజమాని ప్రొఫెసర్ ఉయెనో 1925ల పోయిండు, అయినా షిబుయా స్టేషన్‌కు ఆయన కోసం వస్తనే ఉండె, 1935ల అది సచ్చిపోయే దాక. అది బతికుండంగనే 1934ల అక్కడ విగ్రహం పెట్టిన్రు. ఎనిమిది అనే మాటకు అంత బరువు ఆ ముచ్చట వల్లనే వచ్చింది. అదే టోక్యోల ఉయెనో అనే జాగల ఉన్న జూల యుద్ధం టైంల ఏనుగులు పోయినయి, తర్వాత పిల్లలు మాకు ఏనుగు కావాల్నని నెహ్రూకు ఉత్తరాలు రాసిన్రు, ఆయన 1949ల ఒక ఏనుగును పంపి దానికి తన బిడ్డ పేరే పెట్టిండు, ఇందిర అని. ఇంకే పేరు పెట్టినా గంత ప్రేమ అండ్ల కనపడకపోతుండె.

ఇప్పుడు సర్కారోళ్లు పశువు చెవికి పసుపు ట్యాగ్ ఏస్తున్నరు, పన్నెండు అంకెల నంబర్, టీకాలకు అది పనికొస్తది, ఉండాలె కూడ. గని పాలు పిండేటోళ్లు నంబర్ పెట్టి పిలవరు కదా. ఇంగ్లండ్‌ల న్యూకాసిల్ యూనివర్సిటీవోళ్లు 516 మంది పాడి రైతులను అడిగి 2009ల రాసిన్రు, పేరు పెట్టి పిలిచే ఆవులు ఏడాదికి 258 లీటర్లు ఎక్కువ ఇస్తున్నయని. పేరుతోనే పాలు వస్తయని దాని అర్థం కాదు, పేరు పెట్టేటోళ్లు దగ్గరికి పోతరు, నిమురుతరు, బెదిరియ్యరు, అది నమ్ముతది. ట్యాగ్ కార్డు ఎనక పేరు, పుట్టిన రోజు, ఎందుకు పెట్టినమో రెండు లైన్లు రాసుకోండి, ఫొటో తీసి ఇంటి వాట్సాప్ గ్రూప్‌ల ఏసినా సాలు.

అంగడిల కొన్న జీవం అయితే పాత పేరు మార్చకుండ్రి, అది ఆ పిలుపుకే తల తిప్పుతది. మార్చాల్సే వస్తే కొన్ని రోజులు పాత పేరు కొత్త పేరు కలిపి పిలిచి, అది పలుకుతుందంటె అప్పుడు పాతది మెల్లగ తీసెయ్యాలె. తాడు చేతికి తీసుకునే ముందే అమ్మేటోళ్లను అడుగుండ్రి, ఏమని పిలుస్తరు, నీళ్లకు ఎట్ల పిలుస్తరు, ఆ పేరు ఎవరు పెట్టిన్రు అని. పైసలు చేతుల పడ్డంక ఆయన బస్సెక్కి పోతడు, మళ్ల దొరకడు.