బండి వెనక కమాన్ కట్ట (ఇరుసు మీది పట్టీల స్ప్రింగు) విప్పే ముందు

లోడు దించాకే పని మొదలుపెట్టండి. చదును నేల చూసి, ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డుచెక్కలు పెట్టండి. జాకీ లేపడానికే, బరువు ఆగాల్సింది ఛాసిస్ కింద పెట్టిన స్టాండ్ల మీద.

విప్పకముందే, పట్టీలను నడుమ కలిపి పట్టే సెంటర్ బోల్టు దగ్గర చూడండి. గేరులో లాగినప్పుడు చక్రం ముందుకు తిరుగుతుంటే హౌసింగ్ (ఇరుసు డొల్ల) వెనక్కి మెలిపడి, డ్రైవ్ షాఫ్టు తగిలే పినియన్ ముక్కు పైకి లేస్తుంది. బ్రేకు కొడితే కిందికి వంగుతుంది. ఆ మెలికకు కట్ట ‘ఎస్’ ఆకారంలో వంగుతుంది. కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు వదులైతే ఇరుసు జరిగి, సెంటర్ బోల్టు తెగుతుంది. కట్ట ఇరుసు మీద కూర్చునే సీటు దగ్గర ఎర్రటి తుప్పుపొడి, మెరిసే గీతలు కనిపిస్తే అదే జరుగుతోందన్నమాట.

యాక్సిల్ సీటు మీద వాలు ప్లేటు ఉంటే మందపు వైపు ఎటుందో సుద్దతో గుర్తుపెట్టండి. తిరగేసి బిగిస్తే పినియన్ కోణం మారి, డ్రైవ్ షాఫ్టు జాయింట్లు కొట్టుకుంటాయి.

సెంటర్ బోల్టు తీసేముందు కట్టను సీ క్లాంపుతో బిగించండి. లేదంటే పట్టీలు ఎగురుతాయి. ముఖం పక్కకే ఉంచండి.

యూ బోల్టులు కొత్తవే తెచ్చుకోండి, పాతవాటితో పొదుపు వద్దు. చివరి బిగింపు బండి చక్రాల మీద నిలబడ్డాకే, ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా, కంపెనీ చెప్పిన టార్కుకు.