చెనక్కాయ విత్తేముందు గింజను చీల్చి చూడండి

తొలకరి పడగానే ట్రాక్టర్ దొరుకుతుందా లేదా అని అందరికీ ఒకటే టెన్షన్, విత్తనం సంగతి మాత్రం ఆ రోజు మూట విప్పాకే గుర్తొస్తుంది. ఈసారి దయచేసి రెండు వారాలు ముందే విప్పండి.

మొలక మొదటి పది పన్నెండు రోజులు చాలావరకు తన పప్పు బద్దల్లో దాచుకున్నదాంతోనే బతుకుతుంది. ఆ నిల్వలోని భాస్వరంలో ఎక్కువ భాగం పొటాషియం, మెగ్నీషియంతో కలిసి ఫైటేట్‌గా గట్టిపడి ఉంటుంది. గింజ నీళ్లు పీల్చాక ఫైటేజ్ అనే ఎంజైమ్ దాన్ని కొంచెం కొంచెంగా విడగొట్టి మొలకకు అందిస్తుంది. మనకు దెబ్బ తగిలేది కాల్షియం దగ్గర. ఊడ, అంటే పువ్వు అడుగు నుంచి కిందికి సాగి కాయ కట్టే కాడ, భూమిలోకి దిగాక కాయకు కావలసిన కాల్షియం తల్లి చెట్టు నుంచి పెద్దగా రాదు, చుట్టూ ఉన్న మట్టి నుంచి కాయే పీల్చుకోవాలి. మన ఎర్ర గరప నేలల్లో అసలే కాల్షియం తక్కువ, ఊడలు దిగేటప్పుడు వాన ముఖం చాటేసిందా, ఆ గింజ పైకి బాగానే కనిపించినా లోపల లోటుతోనే ఉంటుంది.

రెండేళ్ల కిందట పాకాల దగ్గర మా చేలో ఇదే జరిగింది. బయట కొన్న విత్తనం, ఎర్రపొర నిగనిగలాడుతోంది, అయినా సగం మొలవలేదు. మట్టి గీకి తీసి గోటితో రెండు బద్దలూ విడదీస్తే మధ్యలో తెల్లగా ఉండాల్సిన చిన్న మొలక కొస నల్లగా మాడినట్టుంది. కాల్షియం చాలని గింజకు అదే గుర్తు. బద్దల లోపలి వైపు గుంటపడి గోధుమరంగు తిరిగితే అది బోరాన్ అనే సూక్ష్మపోషకం లోపం.

అందుకే మూటలో పైనా కిందా కలిపి ఓ ఇరవై గింజలు చీల్చి చూడండి, ఇంకో వంద లెక్కపెట్టి తడి గోనెసంచిలో చుట్టి నీడన పెట్టి, రోజూ తడుపుతూ వారం ఆగండి. 70కి తక్కువ మొలిస్తే ఆ మూట వద్దు. కాయలు వలిచేది విత్తే ముందే, పొర ఊడినవి, బద్దలు విడిపోయినవి ఏరేయాలి. కిలో పప్పుకు 3 గ్రాముల మాంకోజెబ్ అనే బూజు తెగుళ్ల మందు పట్టించండి, చేతికి గ్లౌజులు మరవద్దు.

చిన్న జల్లుకే తొందరపడి విత్తకండి. గింజ ఉబ్బి, లోపలి నిల్వ కరగడం మొదలయ్యాక నేల ఆరిపోతే ఆ మొలక ఇక లేవదు, జానెడు లోతు తడిసి పదును నిలిచాకే గొర్రు కట్టండి. ఎరువు గింజకు తగలకుండా పక్కన పడాలి.

వచ్చే ఏటికి విత్తనం మీ చేలోనే తీసుకునేట్టయితే ఆ మడికి పూత, ఊడల సమయంలో ఎకరాకు కాల్షియం ఇచ్చే జిప్సం 200 కిలోలు మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయండి. డబ్బులు చాలకపోతే చేనంతా కాకపోయినా విత్తనానికి ఉంచిన నాలుగు సాళ్లకైనా వేయండి.