ఎయిర్‌పోర్ట్ బాడీ స్కానర్‌లోకి వెళ్ళే ముందు చూసుకోవాల్సినవి

మా ఇంట్లో ఎవరు ఫ్లైట్ ఎక్కుతున్నా ముందు రోజు రాత్రి నాకు ఫోన్ వస్తుంది, "అక్కడ గాజు డబ్బాలాంటి దాంట్లో చేతులెత్తి నిలబడమంటారు కదా, ఆ రేడియేషన్ వల్ల ఏమన్నా అవుతుందా" అని. అడగడంలో తప్పు లేదు. కానీ అందరూ దీని గురించి భయపడి అసలు చూసుకోవాల్సినవి వదిలేస్తున్నారు, అందుకే రాస్తున్నా.

ముందు ఆ భయం సంగతి. బాడీ స్కానర్లు రెండు రకాలు వచ్చాయి. ఒకటి బ్యాక్‌స్కాటర్, అది నిజంగానే ఎక్స్‌రే, చాలా తక్కువ మోతాదులో. రెండోది మిల్లీమీటర్ వేవ్, ఇందులో ఎక్స్‌రే అనేదే ఉండదు, 24 నుంచి 30 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలు బట్టల్లోంచి వెళ్ళి చర్మం దగ్గరే తిరిగి వచ్చేస్తాయి, లోపల గుండె దాకా పొట్ట దాకా పోవు. వీటికి డీఎన్ఏని దెబ్బతీసే శక్తి లేదు. ఎక్స్‌రే రకాన్ని ఆరోగ్యం విషయంలో రిస్క్ ఎందుకని యూరోపియన్ యూనియన్ 2011 నవంబర్‌లోనే ఒప్పుకున్న పద్ధతుల్లోంచి పక్కన పెట్టేసింది, అమెరికా ఎయిర్‌పోర్టుల్లోంచి 2013లో తీసేశారు, అక్కడ మాత్రం కారణం ఆరోగ్యం కాదు, మనిషి ఒళ్ళు దాదాపు బట్టల్లేనట్టు కనిపిస్తోందని గొడవ. ఇప్పుడు చేతులెత్తి నిలబడితే చుట్టూ ఒక పలక తిరిగే మెషీన్ కనిపిస్తే అది మిల్లీమీటర్ వేవ్ రకమే.

సరే, ఆ పాత ఎక్స్‌రే రకమే అనుకుందాం. దానికి అమెరికాలో పెట్టిన లిమిట్ ఒక స్కాన్‌కి 0.25 మైక్రోసీవర్ట్ (ఒంటికి పడే రేడియేషన్‌ని కొలిచే లెక్క). ఆ తర్వాత మనం ఎక్కే విమానంలో, అంత ఎత్తులో, ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల వల్ల గంటకి సుమారు 3 నుంచి 5 మైక్రోసీవర్ట్‌లు పడతాయి. అంటే స్కానర్ దగ్గర భయపడి, పది గంటల ఫ్లైట్‌లో హాయిగా నిద్రపోతున్నాం అన్నమాట. ఛాతీ ఎక్స్‌రే ఒక్కటి తీయించుకుంటే దాదాపు 100. కడుపుతో ఉన్నవాళ్ళకి కూడా నేను ఇదే చెప్తా, మిల్లీమీటర్ వేవ్ బిడ్డ దాకా చేరదు, అయినా మనసు ఒప్పుకోకపోతే చేత్తో తడిమి చూసే చెకింగ్ చేయమని అడగండి, చాలా చోట్ల ఒప్పుకుంటారు.

ఇక అసలు జాగ్రత్త. మా తమ్ముడికి చిన్నప్పటి నుంచి టైప్ 1 షుగర్, నడుముకి ఇన్సులిన్ పంప్ ఉంటుంది, సన్నటి ట్యూబ్‌తో ఒంట్లోకి ఇన్సులిన్ పంపే చిన్న మెషీన్ అది. ఒకసారి లైన్‌లో వెనకాల జనం తోసుకొస్తున్నారు, అవతల సెక్యూరిటీ అతను ఒంటి మీద ఉన్నవన్నీ ట్రేలో పెట్టండి పెట్టండి అని ఒకటే కేకలు, వీడు కంగారులో ట్యూబ్ విప్పేసి పంప్ తీసి వాచీ, పర్సు, బెల్టు పక్కన పెట్టేశాడు. నేను చూసేసరికి ట్రే బ్యాగుల ఎక్స్‌రే మెషీన్ ముందుండే నల్ల పట్టీల కర్టెన్ కిందకి వెళ్ళిపోయింది. అవతల వైపు తీసుకున్నాక పంప్ స్క్రీన్ వెలుగుతూనే ఉంది, అన్నీ మామూలుగానే ఉన్నట్టు కనిపించింది, కానీ కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే ఎక్స్‌రేలో వెళ్ళింది కాబట్టి డోసు సరిగ్గా ఇస్తుందన్న నమ్మకం లేదు, వాడొద్దు అన్నారు. కొత్తది వచ్చేదాకా వాడు సిరంజీలతోనే గడిపాడు, హ్యాండ్ బ్యాగ్‌లో స్పేర్ ఇన్సులిన్ ఉండబట్టి సరిపోయింది. ఇప్పటికీ ఆ ట్రే లోపలికి పోవడం గుర్తొస్తే నాకు గుండె జారిపోతుంది.

అందుకని పంప్ గానీ, చేతికి పొట్టకి అంటించుకునే గ్లూకోజ్ సెన్సార్ గానీ ఉన్నవాళ్ళు బయల్దేరే ముందే ఆ కంపెనీ మాన్యువల్‌లో ఎయిర్‌పోర్ట్ గురించి ఏం రాశారో చదవండి, ఎందుకంటే ఒక్కో మోడల్‌కి ఒక్కో మాట ఉంటుంది. కొన్నింటికి ఏదైనా పర్లేదు, చాలా వాటికి బ్యాగుల ఎక్స్‌రే వద్దు, బాడీ స్కానర్ కూడా వద్దు అంటారు. ట్రేలు తీసుకోకముందే, లైన్‌లో ఉండగానే సిబ్బందికి చెప్పండి, స్కానర్‌లోకి అడుగుపెట్టాక చెప్తే వాళ్ళూ చిరాకు పడతారు మీరూ కంగారు పడతారు. ఇన్సులిన్ మందుని మాత్రం ఎక్స్‌రేలో పంపినా ఫర్వాలేదు, కానీ చెకిన్ లగేజీలో అస్సలు వేయొద్దు, కింద చలికి గడ్డకట్టిందంటే ఇక పనికిరాదు.

పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు బాడీ స్కానర్‌కి భయపడి మెటల్ డిటెక్టర్ వైపు వెళ్తుంటారు, నా లెక్క ప్రకారం అది తిరగేసిన పని. డోర్ ఫ్రేమ్‌లా ఉండే మెటల్ డిటెక్టర్‌లో అయస్కాంత క్షేత్రం ఉంటుంది, మామూలు నడకతో దాటిపోతే ఏం కాదు గానీ దాని కిందే ఆగడం, పక్కకి ఆనుకోవడం వద్దు. చేతిలో పట్టుకుని తిప్పే కర్రలాంటి డిటెక్టర్ అయితే ఛాతీ దగ్గర ఎక్కువసేపు పెట్టొద్దని నోరు తెరిచి అడగండి. పేస్‌మేకర్ వివరాలుండే డివైస్ కార్డ్ పాస్‌పోర్ట్‌తో పాటే ఉంచుకోండి. తుంటి, మోకాలు మార్పించుకున్న పెద్దవాళ్ళకి కూడా అంతే, మెటల్ డిటెక్టర్ కుయ్యిమంటుంది, మిల్లీమీటర్ వేవ్ స్కానర్‌కి మాత్రం ఒంట్లోపలి లోహం కనపడదు కాబట్టి అదే సుఖం. భుజం పట్టేసి చేతులు పైకి లేవని వాళ్ళు బలవంతంగా ఎత్తక్కర్లేదు, ముందే చెప్తే చేత్తో చెక్ చేస్తారు. వీల్‌చైర్‌లోంచి లేవలేనివాళ్ళకీ కూర్చోబెట్టే చెక్ చేస్తారు.

మామూలు వాళ్ళకి చెప్పేది తక్కువే. జేబుల్లో టిష్యూ పేపర్ ముక్క కూడా ఉంచొద్దు, ఎందుకంటే ఈ స్కానర్ లోహాన్నే కాదు ఒంటికి బట్టకి మధ్య ఏది ఉన్నా పట్టుకుంటుంది, స్క్రీన్ మీద బొమ్మ మనిషికి ఎక్కడ అనుమానమొస్తే అక్కడ పసుపు గడి పడుతుంది. చెమట, బట్ట మడతలు కూడా అలా చూపించొచ్చు, గడి పడగానే బిత్తరపోవద్దు, ఆ చోట తడిమి చూసి వదిలేస్తారు.

బ్యాగుల బెల్టు దగ్గర మాత్రం చిన్నపిల్లల్ని ఒక్క క్షణం కూడా వదలొద్దు. రేడియేషన్ సంగతి నిజంగా పట్టించుకోవాల్సింది అక్కడే, అది అసలైన ఎక్స్‌రే మెషీన్, బ్యాగ్ ఇరుక్కుందని ఆ పట్టీల లోపలికి చెయ్యి పెట్టకండి, పిల్లని క్యారియర్‌లోంచి తీసి ఎత్తుకున్నాకే క్యారియర్‌ని బెల్టు మీద పెట్టండి.

ఇంకొకటి చాలామందికి తెలీదు. థైరాయిడ్‌కి రేడియో అయోడిన్ తీసుకున్నా, గుండెకి న్యూక్లియర్ స్కాన్ చేయించుకున్నా రేడియేషన్ వచ్చే ఆ మందు ఒంట్లో కొన్నాళ్ళు ఉంటుంది, కొన్ని ఎయిర్‌పోర్టుల్లో పెట్టే రేడియేషన్ డిటెక్టర్లు మనల్ని చూసి మోగుతాయి, అయోడిన్ అయితే వారాల తర్వాత కూడా మోగొచ్చు. ఏ మందు, ఏ తేదీన, ఎంత ఇచ్చారో హాస్పిటల్ లెటర్ మీద రాయించుకుని, అందులో డాక్టర్ ఫోన్ నంబర్ కూడా ఉండేలా చూసుకుని, హ్యాండ్ బ్యాగ్ పైన జేబులో పెట్టుకోండి, అడుగున బట్టల కింద కాదు.